మెయిలు పెట్టె మూసేసే పని

"మెయిల్ ఇంటిగ్రేషనే కదా, మూడు వారాలు చాలు" అన్న మాట ఇప్పటికి మూడు కంపెనీల్లో, ముగ్గురు మేనేజర్ల నోట విన్నాను. ముగ్గురూ తెలివైనవాళ్ళే, వాళ్ళ లెక్కా మరీ తప్పు కాదు. మెయిలు సర్వీసు నడిపేవాడు మనకి ఏపీఐ ఇస్తాడు. ఖాతా తెరవడానికి ఒక కాల్, డొమైన్ తగిలించడానికి ఒక కాల్, పాస్‌వర్డ్ మార్చడానికి ఒకటి, తీసేయడానికి ఒకటి. వెరసి నాలుగు. మన పానెల్లో నాలుగు బటన్లు పెట్టి, వాటి వెనకాల ఈ నాలుగు కాల్సూ కట్టేస్తే పని అయిపోయినట్టే. డెమోలో నిజంగానే అయిపోతుంది.

నేను చూసినంతలో తెరిచే పని మూడు వారాల్లోనే అయింది. మూసే పనికి నెలలు పట్టింది. ఇక్కడ ఎక్కువగా ఆ మూసే పని గురించే రాస్తాను.

ఈ రంగంలో లేనివాళ్ళకి కాస్త వివరం. డొమైన్లూ, వెబ్‌సైటుకి స్థలమూ, మెయిలూ, బ్యాకప్పూ అన్నీ ఒకేచోట అమ్మే కంపెనీలని ప్రొవైడర్లు అంటాం. 2000ల్లో మెయిలు సర్వరు కూడా చాలావరకు వాళ్ళ దగ్గరే ఉండేది. సీపానెల్‌తోనో ప్లెస్క్‌తోనో నడిచే ఒకే మిషన్లో వెబ్‌సైటూ అదే, మెయిలూ అదే. అందులో ఒక్క కస్టమరు పాస్‌వర్డ్ పోగొట్టుకుని అతని ఖాతా నించి స్పాము వెళ్ళిందంటే చాలు, ఆ ఐపీ బ్లాక్‌లిస్టులో పడి అదే మిషన్లో ఉన్న మిగతా వందల మంది మెయిళ్ళు కూడా ఆగిపోయేవి. సపోర్టులో పని చేసినవాళ్ళకి ఆ సోమవారాలు గుర్తుండే ఉంటాయి :) అంచేత మెల్లగా అందరూ "మెయిలు మనం నడపొద్దు, నడిపేవాడి దగ్గర టోకున కొని చిల్లరగా అమ్ముకుందాం" అనే దారికొచ్చారు.

ఇలా కొని అమ్మడానికి ఒక యంత్రం కావాలి కదా. కస్టమరు ఆర్డరు పెట్టగానే అవతలి వాడి దగ్గర ఖాతా తెరిచి, డీఎన్ఎస్‌లో రికార్డులు రాసి, నెలాఖరుకి బిల్లు వేసే యంత్రం. దీన్నే ఆటోమేషన్ ప్లాట్‌ఫాం అంటారు. పారలల్స్ వాళ్ళు (అప్పటికింకా ఎస్‌డబ్ల్యూసాఫ్ట్) 2007లో ఏపీఎస్ అనే ప్యాకేజింగ్ పద్ధతి తెచ్చారు: ఎవరి సర్వీసైనా ఈ మూసలో పోసి ఇస్తే పానెల్లో అమ్ముకోవచ్చు. 2011 జూన్‌లో ఆఫీస్ 365 వచ్చాక అందరికీ ఈ మూస అవసరం పడింది. పారలల్స్ వాళ్ళ ఆ వ్యాపారాన్ని 2015 చివర్లో ఇంగ్రామ్ మైక్రో కొనుక్కుంది, తరవాత దానికి క్లౌడ్‌బ్లూ అని పేరు పెట్టారు. మా చుట్టాలకి ఇదంతా చెప్పినప్పుడల్లా "అంటే సత్య నాదెళ్ళ మెయిలేనా నువ్వు అమ్మేది?" అని తేల్చేసేవారు. కాదని చెప్పి చెప్పి అలిసిపోయి, ఆయన 2014లో సీఈవో అయ్యాక అవుననడం మొదలుపెట్టాను.

సరే, ముందు తెరిచే పని.

మాది వాడపల్లి. కోనసీమ వాడపల్లండి, ఆత్రేయపురం మండలం, గౌతమి గట్టున ఉంటుంది. నల్గొండ జిల్లాలో మూసీ కృష్ణలో కలిసే చోట ఇంకో వాడపల్లి ఉంది, అది వేరు. మా ఊరి వెంకటేశ్వర స్వామి దగ్గరికి వరసగా ఏడు శనివారాలు వచ్చి ప్రదక్షిణాలు చేస్తామని మొక్కుకుంటారు. శనివారం పొద్దున్న రావులపాలెం వైపు నించి వచ్చే రోడ్డు చూస్తే మీకే తెలుస్తుంది ఎంతమంది మొక్కుకుంటారో. ప్రదక్షిణం మధ్యలో ఎవరో తెలిసినవాళ్ళు పలకరిస్తారు, లెక్క పోతుంది. అప్పుడు ఎవరైనా చేసేది ఒకటే: ఎందుకైనా మంచిదని ఇంకొకటి తిరిగేస్తారు. దేవుడికి ఒకటి ఎక్కువైతే వచ్చిన నష్టమేమీ లేదు.

మెయిలు ఖాతా దగ్గర ఆ సౌకర్యం లేదు. "ఖాతా తెరువు" అని అవతలి ఏపీఐకి చెప్తాం. ముప్ఫై సెకన్లు చూస్తాం, జవాబు రాదు, టైమవుట్. ఇప్పుడు ఖాతా తెరిచాడా, తెరవలేదా? మనకి తెలియదు. ఎందుకైనా మంచిదని ఇంకోసారి చెప్తే ఒక్కోసారి రెండు ఖాతాలు తెరుచుకుంటాయి, రెండిటికీ నెల నెలా మనకి బిల్లు పడుతుంది, కస్టమరుకి కనబడేది ఒకటే. లేదా "ఈ పేరుతో ఇప్పటికే ఉంది" అని ఎర్రరు వస్తుంది, మన పానెల్ దాన్ని ఫెయిల్యూర్ అనుకుని ఆర్డరు మొత్తం రద్దు చేస్తుంది, అక్కడ మాత్రం ఖాతా బతికే ఉంటుంది. రెండూ చూశాను. మందు అందరికీ తెలిసిందే: ప్రతి కోరికకీ మన వైపు నించి ఒక నంబరు తగిలించాలి, మళ్ళీ చెప్పే ముందు "ఈ నంబరుతో ఏమైనా చేశావా" అని అడగాలి, "ఇప్పటికే ఉంది" అంటే అది మనదో కాదో చూసుకుని మనదైతే సంతోషంగా ముందుకు పోవాలి. ఈ పాటిది కాలేజీ కుర్రాళ్ళు కూడా చెప్తారు. అయినా ప్రతి ప్రాజెక్టులోనూ ఇది లేకుండానే మొదలవుతుంది, ఎందుకో మరి.

డొమైన్ తగిలించడం కూడా ఇలాంటిదే. నీ డొమైనే అని నిరూపించుకోవడానికి ఒక టెక్స్ట్ రికార్డు, మెయిలు ఎక్కడికి రావాలో చెప్పే ఎమ్మెక్స్, నీ తరఫున ఎవరు పంపొచ్చో చెప్పే ఎస్పీఎఫ్, సంతకానికి డీకిమ్. డీఎన్ఎస్ కూడా మన పానెల్ చేతిలోనే ఉంటే ఇవన్నీ అదే రాసేస్తుంది. 2024 ఫిబ్రవరి నించి జీమెయిలూ యాహూ పెద్ద మొత్తంలో పంపేవాళ్ళని ఇవి లేకపోతే లోపలికి రానివ్వడం లేదు కాబట్టి ఇప్పుడు వీటి గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

పాత మెయిలు నించి కొత్త మెయిలుకి మారే కస్టమరు దగ్గర మాత్రం ఆగాలి. మా ఊరికి దగ్గర్లోనే లొల్ల లాకులున్నాయి. ధవళేశ్వరం నించి వచ్చే మధ్య డెల్టా కాలువ అక్కడ చీలి కోనసీమ లోపలికి పోతుంది. పడవలు తిరిగిన రోజుల్లో లాకు ఎలా పని చేసేదో మా తాత చెప్పేవాడు: పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసేస్తారు, నీటి మట్టం సమం అయ్యాక ముందు తలుపు తీస్తారు, రెండు తలుపులూ ఒకేసారి తెరవడమన్నది ఉండదు. మన ప్లాట్‌ఫాములు రాసినవాళ్ళు కూడా సరిగ్గా ఇలాగే ఆలోచించారు. ప్లాను మారడమంటే పాతది రద్దు, కొత్తది మొదలు. పడవకి అది సరైన పద్ధతే. మెయిలుకి కాదు. ఎమ్మెక్స్ మార్చిన సంగతి లోకమంతటికీ ఒకేసారి తెలియదు, పాత జవాబుని దాచుకున్న సర్వర్లు దాని గడువు తీరేదాకా పాత చోటికే ఉత్తరాలు పంపుతూ ఉంటాయి. అంచేత రెండు తలుపులూ కొన్నాళ్ళు తెరిచే ఉంచాలి, పాత దాన్లో పడ్డవి కొత్త దాన్లోకి తోడుకోవాలి. "రెండిటికీ ఒకే నెల డబ్బు ఎవడు కడతాడు" అన్నది తరవాతి ప్రశ్న. ఈ ప్రశ్న మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

అన్నట్టు మధ్యలో ఒక చిన్న సోది. ఒక ప్లాట్‌ఫాంలో పంపేవాడి పేరు తెలుగులో పెడితే అవతలివాళ్ళకి ఎనిమిది ప్రశ్నార్థకాలు కనబడేవి. మెయిలు సర్వీసుకి యూనికోడ్ బాగానే వచ్చు, మన పానెల్‌కీ వచ్చు, మధ్యలో బిల్లింగు కోసం పెట్టిన ఒక పాత డేటాబేసు టేబులుకి మాత్రం రాదు. పేరు అందులో పడి లేచేసరికి ప్రశ్నార్థకాలయ్యేది. టికెట్ రాస్తే "తక్కువ ప్రాధాన్యం" అని మూసేశారు. జర్మన్ కస్టమరు ఒకాయన పేరులో చుక్కలు పోయాయని ఫిర్యాదు చేశాక వారంలో బాగుచేశారు. తెలుగు కూడా దాంతో పాటు బాగుపడింది, సంతోషం.

ఇహ మూసే పని.

2020లో కోవిడ్‌కి ఇంటికొచ్చేసి వాడపల్లి నించే పని చేస్తున్నాను. అప్పుడున్న ప్రొవైడరు దగ్గర మెయిలు కనెక్టరు నేను చేరకముందే వేరే టీము రాసిపెట్టింది. బిల్లు గడువు దాటి ఏడు రోజులైతే సస్పెండ్, పదిహేను రోజులైతే డిలీట్. వెబ్‌సైటు స్థలానికీ వర్చువల్ మిషన్‌కీ అదే నియమం, మెయిలుకీ అదే. ఒక పెట్టెలో టిక్కు పెడితే అన్నిటికీ వర్తిస్తుంది. ఎగ్గొట్టేవాళ్ళని ఏరేయడానికి పెట్టిన నియమం అది, అన్నాళ్ళూ ఎవరికీ ఇబ్బందిగా తోచలేదు.

2021 అక్టోబరు 1 నించి రిజర్వు బ్యాంకు కొత్త పద్ధతి అమల్లోకొచ్చింది. కార్డు నించి నెల నెలా దానంతటదే డబ్బు పోయే ఏర్పాటుంటే దాన్ని ఓటీపీతో కొత్తగా నమోదు చేసుకోవాలి, 5,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. (ఆ హద్దుని 2022 జూన్‌లో 15,000 చేశారు.) మంచి ఉద్దేశమే, తెలియకుండా డబ్బు పోయే బెడద తగ్గింది. కానీ ఆ నెల మొదట్లో ఎన్నో చందాలు చప్పుడు లేకుండా ఫెయిలయ్యాయి. బ్యాంకు పంపిన నోటీసు కస్టమరు చదవలేదు, లేదా మన పేమెంటు గేట్‌వే ఇంకా సిద్ధం కాలేదు. ప్లాట్‌ఫాంకి మాత్రం ఈ కథ ఏమీ తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే: డబ్బు రాలేదు. ఏడు రోజులు లెక్కపెట్టింది.

రాత్రి నడిచే సస్పెన్షన్ బ్యాచీ రిపోర్టు పొద్దున్నే నా మెయిలుకి వచ్చేది. మామూలుగా ఒక పేజీ ఉండేది, ఆ వారం స్క్రోలు చేస్తూ పోవాల్సి వచ్చింది. "ఇంతమంది ఒకేసారి ఎగ్గొట్టరు, ఏదో తేడా ఉంది" అని ఆ పొద్దున్నే పైకి రాశాను. "ఫైనాన్స్ చూస్తోంది" అని జవాబొచ్చింది.

మూడో రోజు మావయ్య ఫోను. సొంత మావయ్య కాదు, వరసకి. ఆత్రేయపురంలో పూతరేకులు చేయించి హైదరాబాదు, బెంగళూరు, అమెరికా పంపిస్తుంటాడు.

"ఏరా అబ్బాయ్, మీ కంపెనీవోళ్ళు నా పెట్టె పీకేశారంటగదరా?"

"డబ్బు జమ కాలేదని చూపిస్తోంది మావయ్యా. మీ కార్డు..."

"నేను కట్టకపోవడమేంట్రా? ఏడేళ్ళ నించి దానంతటదే కట్టుకుంటోంది. నన్ను అడిగిందెవడు?"

"బ్యాంకు నించి మెసేజి ఏదైనా వచ్చిందాండి?"

"ఆ, ఏదో వచ్చింది. ఓటీపీ చెప్పమని వస్తే చెప్పకూడదని మీరే కదా చెప్పారు!"

దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ పూట డబ్బు కట్టించి పెట్టె తెరిపించాం, ఐదు నిమిషాల పని. అసలు నష్టం అది కాదు. సస్పెండ్ అంటే మా కనెక్టరు అవతలి సర్వీసుకి చెప్పేది "ఈ ఖాతా ఆపెయ్" అని. ఆ సర్వీసు ఆపిన ఖాతాకి వచ్చే ప్రతి ఉత్తరాన్నీ 550 కోడుతో వెనక్కి కొట్టేది, "ఇలాంటి యూజరు లేడు" అని. మెయిలు భాషలో 4తో మొదలయ్యే కోడంటే "ఇప్పుడు కాదు, మళ్ళీ రా" అని. పంపిన సర్వరు వరసలో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, వదిలేసే ముందు కనీసం నాలుగైదు రోజులు చూడమని ప్రమాణపత్రంలోనే ఉంది, పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఐదు రోజులు చూస్తుంది. 5తో మొదలయ్యేదంటే "ఇక రావద్దు" అని. దీపావళి నవంబరు 4న. ముందు ఏడాది రెండొందల పెట్టెలు తెప్పించుకున్న డాలస్ వాళ్ళు ఈసారీ ఆర్డరు రాశారు, "ఇలాంటి యూజరు లేడు" అని తిరిగొచ్చింది. కోవిడ్‌లో చాలా కొట్లు మూతపడ్డాయి కదా, ఇదీ అంతే అనుకున్నారు. వేరేచోట తెప్పించుకున్నారు. ఈ సంగతి మావయ్యకి సంక్రాంతికి తెలిసింది, అదీ వాళ్ళ బంధువుల ద్వారా.

పోస్టుమేను ఇంటికి తాళం వేసుంటే ఉత్తరం మర్నాడు తెస్తాడు, లేకపోతే పక్కింట్లో ఇస్తాడు. "ఈ పేరు గలవాళ్ళు ఈ ఊళ్ళో లేరు" అని రాసి వెనక్కి పంపడు. డబ్బు బాకీ పడ్డవాడికి కూడా.

ఈ మాట మీటింగులో అన్నాను. అక్కడ వచ్చిన జవాబు కూడా న్యాయంగా రాయాలి, ఎందుకంటే అదేమీ దుర్మార్గపు జవాబు కాదు. ఫైనాన్స్ ఆవిడ అడిగింది: పెట్టె ఆపినా, ఆపకపోయినా, తీసేసేదాకా దానికి నెల నెలా మనం అవతలివాడికి కడుతూనే ఉంటాం. కస్టమరు కట్టని డబ్బు మనం కడుతూ ఎన్నాళ్ళు మోయాలి? నిజంగానే వ్యాపారం మూసేసి వెళ్ళిపోయిన వాళ్ళ పెట్టెలు కూడా అందులో ఉంటాయి కదా? ఏ పెట్టె ఎలాంటిదో నువ్వు చెప్పగలవా?

చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. దీనికి తోడు 2022 మొదట్లో మైక్రోసాఫ్ట్ తన భాగస్వాములకి కొత్త పద్ధతి తెచ్చింది: ఏడాదికి కొంటే కొన్న మొదటి కొద్ది రోజుల్లో తప్ప సీట్లు తగ్గించుకోవడానికి లేదు. కస్టమరు మన పానెల్లో పది నించి ఆరుకి తగ్గిస్తాడు, పానెల్ సరే అంటుంది, మనం మాత్రం ఏడాదంతా పదికి కడతాం. ఇలాంటివన్నీ చూశాక ఫైనాన్స్ వాళ్ళు తొందరగా మూసేద్దామనడంలో ఆశ్చర్యం లేదు.

నేనడిగింది వేరు. మా ప్లాట్‌ఫాంలో చందాకి రెండే స్థితులు: ఉంది, లేదు. మధ్యలో సస్పెండ్ ఉన్నా అది "లేదు"కి ఇంకో పేరే. మెయిలుకి ఇవి చాలవు. బాకీ పడ్డవాడి దగ్గర ముందు ఆపాల్సింది బయటికి పోయే మెయిలు, ఎందుకంటే స్పాము పంపేవాళ్ళు డబ్బు కట్టకుండా పంపుకుపోతారు. తరవాత లాగిన్. లాగిన్ అవగానే "బాకీ ఉంది" అన్న పేజీ తప్ప ఇంకేమీ కనబడకపోతే ఎవరైనా అరగంటలో కట్టేస్తారు. లోపలికొచ్చే ఉత్తరం మాత్రం వస్తూనే ఉండాలి. దాన్ని రాసినవాడు మనకేమీ బాకీ లేడు. తీసేసే రోజు వస్తే ముందు పెట్టెలో ఉన్నవన్నీ మూట కట్టి దింపుకునే లింకు ఒకటి ఇవ్వాలి. ఆ లింకుని ఆగిపోయిన పెట్టెకే మెయిలు చేసి ఊరుకోకూడదు! (నవ్వకండి, మా దగ్గర హెచ్చరికలన్నీ అలాగే వెళ్ళేవి. సస్పెండ్ చేశామన్న నోటీసు సస్పెండైన పెట్టెకి.)

అవతలి సర్వీసుల గడియారాలు చూపించాను. అప్పటికి మైక్రోసాఫ్ట్ 365 నేరుగా కొన్నవాళ్ళకి గడువు దాటాక 30 రోజులు మామూలుగానే నడిచేది, ఆ తరవాత 90 రోజులు అడ్మిన్‌కి మాత్రం అందేది, ఆ పైనే చెరిపేయడం. గూగుల్ వర్క్‌స్పేస్‌లో తీసేసిన యూజరుని 20 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు. అంటే నేరుగా కొన్నవాడికి నెలల తరబడి దయ, మన దగ్గర కొన్నవాడికి పదిహేను రోజులు. మనం వాడికీ వాళ్ళకీ మధ్యలో నిలబడి చేస్తున్న సేవ ఇదన్నమాట. ఈ మాట కాస్త ఘాటుగా పడింది, మేనేజరు ముఖం మాడ్చుకున్నాడు. అయినా లెక్క తప్పని ఎవరూ అనలేదు.

ఇంకొకటి కూడా చెప్పాను, తీసేసిన చిరునామా గురించి. 2013లో యాహూ వాళ్ళు ఏడాది పైగా వాడని ఐడీలని తీసేసి, కావాలన్నవాళ్ళకి ఇచ్చారు. కొత్తగా తీసుకున్నవాళ్ళకి పాతవాళ్ళ ఉత్తరాలు రావడం మొదలైంది, బ్యాంకువీ డాక్టరువీ కూడా. యాహూ, ఫేస్‌బుక్ మనుషులు కలిసి 2014లో దీనికోసం ఒక ప్రమాణమే రాశారు, "ఫలానా తేదీకి ముందు నించీ ఈ పెట్టె ఈ మనిషిదే అయితేనే ఇవ్వు" అని ఉత్తరం మీద రాసే పద్ధతి. ఆర్ఎఫ్‌సీ 7293. వాడినవాళ్ళు తక్కువ. మా ప్లాట్‌ఫాంలో డిలీట్ అయిన మర్నిమిషమే అదే పేరుతో ఇంకొకరికి పెట్టె తెరవచ్చు. పాస్‌వర్డ్ మర్చిపోయానంటే మెయిలుకి లింకు వచ్చే ఈ రోజుల్లో పాత చిరునామా దొరకడమంటే పాత మనిషి ఇంటి తాళాలు దొరకడమే.

చివరికి ఒప్పుకున్నది సగం. పదిహేను రోజుల చోట నలభై ఐదు. ఆపిన పెట్టెకి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. నోటీసులు ఫోనుకి కూడా. మూట కట్టి ఇచ్చే లింకు. తీసేసిన చిరునామా ఆర్నెల్లదాకా ఇంకొకరికి ఇవ్వకూడదు. డిలీట్ చేసే ముందు మనిషి ఒకడు చూడాలన్నది మాత్రం ఒప్పుకోలేదు, "ఆటోమేషన్ ప్లాట్‌ఫాంలో మనిషేంటి" అన్నారు. నేనింకా ఆ మనిషి ఉండాలనే అంటాను.

కోడు రాయడానికి పన్నెండు రోజులు పట్టింది, అవతలి సర్వీసు ఏపీఐలో "లోపలికి రానీ, బయటికి పోనీయకు" అన్న స్థితి తెప్పించుకోవడానికి రెండు నెలలు. వాళ్ళకీ సస్పెండ్ అంటే ఒకటే అర్థం. 2022 మార్చిలో అమల్లోకొచ్చింది.

ఆ మేలో జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో గొడవలయ్యాయి, 24న ఇళ్ళు తగలబెట్టేదాకా వెళ్ళింది. కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. అప్పటికింకా ఇళ్ళ నించి పని చేస్తున్న సాఫ్ట్‌వేరు వాళ్ళు సిగ్నలు కోసం గోదావరి గట్ల మీదకీ, జిల్లా దాటి బయటికీ పోవడం పేపర్లలో కూడా వచ్చింది. నేను బండి మీద బొబ్బర్లంక మీదుగా బేరేజి దాటి రాజమండ్రి వెళ్ళి ఒక స్నేహితుడి ఇంట్లో కూర్చున్నాను. కూర్చోగానే నాకు తట్టింది ఆ వారంలో గడువు తీరే బిల్లుల సంగతి. నెట్ లేని ఊళ్ళో ఎలా కడతారు? ఓటీపీ ఫోనుకి వచ్చినా దాన్ని కొట్టడానికి పేజీ తెరుచుకోవాలి కదా.

పిన్‌కోడు 533తో మొదలయ్యే కస్టమర్లందరికీ గడియారం ఆపమని రాశాను. కాకినాడ, రాజమండ్రి కూడా అందులోనే వస్తాయి, వస్తే రానీ. "533 అంటే ఏమిటి?" అని ఫైనాన్స్ నించి ప్రశ్న వచ్చింది. చెప్పాను. పది నిమిషాల్లో "సరే" అని జవాబొచ్చింది, ఆవిడే. ఆ రోజుల్లో కోనసీమ పెట్టెలన్నిటికీ ఉత్తరాలు వచ్చి పడుతూనే ఉన్నాయి, తీసి చూసేవాళ్ళే లేరు. అమలాపురంలో ఆఫీసు వెనక గదిలో సొంత మెయిలు సర్వరు పెట్టుకున్నవాళ్ళకైతే పంపినవాళ్ళ దగ్గరే వరసలో ఉండి, ఐదు రోజులు దాటాక తిరిగిపోయి ఉంటాయి. మెయిలు బయట పెట్టుకోవడానికి నేను చూసినవాటిలో ఇంత గట్టి కారణం ఇంకోటి లేదు, ఏ బ్రోషర్లోనూ రాయరు గానీ.

2025లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిలు దాదాపు 12 లక్షల ఖాతాలు జోహో వాళ్ళ దగ్గరికి మారాయని వార్తలొచ్చినప్పుడు మావయ్య మళ్ళీ ఫోన్ చేశాడు, "మనం కూడా మారొచ్చేంట్రా" అని. మారొచ్చు. ప్రభుత్వం మార్చింది పెట్టె, చిరునామా కాదు. చివర్లో నిక్ డాట్ ఇన్, గవ్ డాట్ ఇన్ అన్నవి అలాగే ఉన్నాయి, రాసేవాళ్ళకి తేడా తెలియలేదు. డొమైన్ మీదైతే పెట్టె ఎక్కడికైనా మోసుకుపోవచ్చు, ఏ ప్రొవైడరు మూసినా ఎమ్మెక్స్ మార్చుకుని మర్నాడు ఇంకోచోట తెరుచుకోవచ్చు.

"నాదేగా, నేనే కడుతున్నాగా" అన్నాడు.

తీసి చూస్తే డొమైన్ రిజిస్ట్రేషను ఆయన పేరున లేదు. పదకొండేళ్ళ కిందట వెబ్‌సైటు చేసిపెట్టిన డిజైనరు కుర్రాడు తన పేరున, తన మెయిలు చిరునామాతో కొనిపెట్టాడు. మోసం ఏమీ కాదు, అప్పట్లో చాలామంది అలాగే చేసేవారు, మావయ్యకి అప్పటికి మెయిలే లేదు మరి. ఆ కుర్రాడు ఇప్పుడు మస్కట్‌లో ఉన్నాడు. అతను డొమైన్ కొన్నప్పుడు ఇచ్చిన చిరునామా, ఒక చిన్న ప్రొవైడరు దగ్గరిది, ఆ ప్రొవైడరు మూతపడ్డాక పోయింది. బదిలీ కోడు ఆ చిరునామాకే వెళ్తుంది.

రిజిస్ట్రారుకి పాత రసీదులూ, జీఎస్టీ కాగితమూ, ఆ కుర్రాడు సంతకం పెట్టి స్కాన్ చేసి పంపిన ఉత్తరమూ జత చేసి పంపాం. నాలుగుసార్లు అడిగినవే మళ్ళీ అడిగారు. ఐదు వారాలకి డొమైన్ ఆయన పేరుకి మారింది. మెయిలు మాత్రం ఇంకా పాతచోటే ఉంచాడు, "దీపావళి అయ్యాక చూద్దాంలేరా" అని.